కన్నవారు బతికుండగా బిడ్డను దత్తతకు ప్రకటించే ముందు: బాలల సంక్షేమ సమితులకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల జిల్లా బాలల సంక్షేమ సమితుల అధ్యక్షులకు, సభ్యులకు

విషయం: నిర్లక్ష్యానికి గురైన పిల్లలను, కన్నవారు జీవించి ఉండగా, దత్తతకు చట్టబద్ధంగా అర్హులని ప్రకటించే ఉత్తర్వుల గురించి

గౌరవనీయులారా,

మన ప్రాంతాల్లో రెండు గుంటల పొలం గట్టు మీద తగాదా వస్తే కింది కోర్టు నుంచి హైకోర్టు దాకా ఇరుపక్షాలకూ వకీళ్లుంటారు, సాక్షికి ఎదురు ప్రశ్నలు వేసే వీలుంటుంది, తీర్పు నచ్చకపోతే అప్పీలుంటుంది, ఒక్కోసారి తగాదా తేలేలోపు ఒక తరమే గడిచిపోతుంది. బతికి ఉన్న తల్లి నుంచి బిడ్డను శాశ్వతంగా వేరు చేసే దారి మాత్రం జిల్లా కేంద్రంలోని ఒక గదిలో, మీ సమితిలోని ముగ్గురు సభ్యుల సంతకాలతో, చాలా సందర్భాల్లో ఆ తల్లి పక్షాన మాట్లాడే మనిషి ఒక్కరైనా లేకుండానే తెరుచుకుంటుంది. జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తూ, ఉచిత న్యాయ సహాయం కింద ఇలాంటి కొన్ని కేసుల కాగితాలు చూసిన న్యాయవాదిగా ఈ లేఖ రాస్తున్నాను. మీలో చాలామంది తక్కువ గౌరవ వేతనానికి, తగినంత సిబ్బంది లేకుండా, నెలకు ఇరవై రోజులు కూర్చుని పని చేస్తున్నారని తెలుసు. మీ చిత్తశుద్ధిని శంకించడం నా ఉద్దేశం కాదు. మీ చేతిలో ఉన్న అధికారం బరువుకు తగిన పద్ధతి ఆ ఉత్తర్వులలో కనిపించడం లేదన్నదే నా అభ్యంతరం.

ఆ బరువు ఎంతో ఒకసారి చూద్దాం. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లోని 38వ సెక్షన్ ప్రకారం మీరు బిడ్డను 'లీగల్లీ ఫ్రీ', అంటే దత్తతకు చట్టబద్ధంగా అర్హుడు, అని ప్రకటించిన తర్వాత ఆ బిడ్డ వివరాలు దత్తత వ్యవస్థలోకి వెళ్తాయి. 2021 సవరణ తర్వాత దత్తత ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టు నుంచి కలెక్టరుకు మారింది. ఆ ఉత్తర్వు అమల్లోకి వచ్చిన రోజు నుంచి, 63వ సెక్షన్ ప్రకారం, బిడ్డకు పుట్టిన కుటుంబంతో బంధాలన్నీ చట్టం దృష్టిలో ముగిసిపోతాయి. కలెక్టరు దగ్గర జరిగే ఆ చివరి దశలో కన్నవారిని పిలిచి అడిగే ఘట్టం ఏదీ లేదు. అంటే తల్లిదండ్రుల మాట వినగలిగిన చివరి గది మీదే. అక్కడ వినకపోతే, అప్పీలుకు వెళ్తే తప్ప ఇంకెక్కడా వినరు.

చట్టం ఇలాంటి పిల్లలను మూడు రకాలుగా చూస్తుంది: అనాథ, వదిలివేయబడిన బిడ్డ, కన్నవారే అప్పగించిన బిడ్డ. ఎక్కడో పొదల్లో దొరికిన పసిగుడ్డు విషయంలో కన్నవారి జాడ తీయడం, తెలియకపోతే ప్రకటించడం కొంత సూటిగా సాగే పని. సమితి ముందుకు వచ్చి బిడ్డను అప్పగించే తల్లికి 35వ సెక్షన్ రెండు నెలల గడువు ఇచ్చింది, ఆ లోపు ఆమె మనసు మార్చుకోవచ్చు. చిక్కంతా ఈ రెండు రకాల్లోనూ ఇమడని పిల్లలతోనే. తల్లి ఎవరో తెలుసు, ఎక్కడుందో తెలుసు, బిడ్డను వదులుకుంటానని ఆమె అనలేదు, కానీ బిడ్డ ఆలనాపాలనా లేకుండా దొరికాడు. అనాథ అన్న నిర్వచనంలోని రెండో భాగం, అంటే సంరక్షకుడు 'చూసుకోవడానికి ఇష్టపడని లేదా సామర్థ్యం లేని' బిడ్డ అన్న మాట, ఈ పిల్లలకు వర్తింపజేస్తున్నారు. ఇక్కడ సామర్థ్యం అంటే ఏమిటి, అది లేదని ఏ సాక్ష్యంతో తేల్చాలి, ఎంత కాలం చూసి తేల్చాలి అన్నవి చట్టం చెప్పలేదు. శాసనం ఖాళీగా వదిలేసిన చోట సమితి సభ్యుల మనసులో ఉన్న 'మంచి తల్లి' బొమ్మే కొలమానంగా మారుతుంది. ఆ బొమ్మ సాధారణంగా పక్కా ఇంట్లో ఉంటుంది, సాయంత్రం ఆరింటికల్లా ఇల్లు చేరుతుంది.

బిడ్డ ఇంటి పరిస్థితి గురించి మీకు అందే సామాజిక విచారణ నివేదికలు ఇందుకు సాక్ష్యం. రేకుల షెడ్డు, మరుగుదొడ్డి లేదు, తల్లి తెల్లవారుజామున పనికి పోతుంది, పిల్లలు బడి మానేశారు, వండిన అన్నం గిన్నె మీద మూత లేదు. ఇవన్నీ నిజాలే అయి ఉండవచ్చు. అయితే వీటిలో ఎన్ని ఆ తల్లి చేసిన పనులు, ఎన్ని ఆమెకు లేని వసతులు? పిల్లల ప్రత్యామ్నాయ సంరక్షణ గురించి ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2009లో ఆమోదించిన మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. డబ్బు లేకపోవడం, దాని వల్ల మాత్రమే ఏర్పడిన పరిస్థితులు బిడ్డను కుటుంబం నుంచి వేరు చేయడానికి ఏకైక కారణం కాకూడదు, అది ఆ కుటుంబానికి సాయం అవసరమని చెప్పే సూచనగా తీసుకోవాలి. మన చట్టం స్ఫూర్తి కూడా అదే. 40వ సెక్షన్ బాలల గృహాలకూ, దత్తత సంస్థలకూ ప్రధాన లక్ష్యంగా పెట్టింది బిడ్డను తిరిగి కుటుంబానికి చేర్చడాన్నే. బిడ్డను వదిలేయడం కన్నవారి చేతిలో లేని పరిస్థితుల వల్ల జరిగితే అది ఉద్దేశపూర్వకం కాదని భావించాలని 75వ సెక్షన్ చెబుతుంది. శిక్ష వేసేటప్పుడు చూపించమన్న ఆ వివేచన, శిక్ష కంటే పెద్దదైన వియోగాన్ని నిర్ణయించేటప్పుడు ఎందుకు కనిపించకూడదు?

ఒక ఉదాహరణ చెబుతాను. గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. పాలమూరు ప్రాంతపు దంపతులు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కార్తీకం వెళ్లాక ఇటుక బట్టీకి వెళ్లారు. ఇద్దరు పిల్లలను అమ్మమ్మ దగ్గర వదిలారు. సంక్రాంతి దాటాక అమ్మమ్మ మంచాన పడింది. పిల్లలు బస్టాండులో చేయి చాస్తూ కనిపించారు, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను వెళ్లింది, బాలసదనానికి చేర్చారు. విచారణకు వెళ్లిన వారికి ఊళ్లో తాళం వేసిన ఇల్లు కనిపించింది. 'తల్లిదండ్రులు పిల్లలను వదిలి వెళ్లిపోయారు, ఆచూకీ తెలియదు, బాధ్యతారహితులు' అని నివేదిక రాశారు. పత్రికలో ఫొటోతో ప్రకటన వేశారు. చదువు రాని ఆ ఇద్దరికీ, బట్టీ పొగలో పత్రిక దొరికే దారేదీ లేదు. సీజను అయిపోయి, జ్యేష్ఠంలో వాళ్లు ఊరు చేరేసరికి పిల్లలు అనాథల జాబితాలో చేరే దశలో ఉన్నారు. ఆ కేసులో ఆఖరి నిమిషంలో పని ఆగింది, ఎందుకంటే ఊరి అంగన్‌వాడీ టీచరు సమయానికి నోరు విప్పింది.

ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. గడువుల లెక్క ఎలా పడిందో గమనించండి. 36వ సెక్షన్ ప్రకారం సామాజిక విచారణ పదిహేను రోజుల్లో పూర్తి కావాలి, బిడ్డను మొదటిసారి హాజరుపరిచిన నాటి నుంచి నాలుగు నెలల్లో తుది ఉత్తర్వు రావాలి. వదిలివేయబడిన బిడ్డ విషయంలో 38వ సెక్షన్ రెండేళ్ల లోపు వారికి రెండు నెలలు, ఆపై వయసు వారికి నాలుగు నెలలు ఇచ్చింది. పిల్లల మేలు కోరి పెట్టిన గడువులే ఇవి. కానీ బట్టీ సీజను దాదాపు ఆరు నెలలు. అడ్వాన్సు తీరేదాకా మధ్యలో వదిలి రావడం ఎంత కష్టమో ఆ బతుకు తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. వలస కూలీ తల్లి తన సీజను ముగించుకుని వచ్చేలోపే చట్టం గడియారం తన పని ముగించుకుంటుంది. పాలమూరు, అనంతపురం, శ్రీకాకుళం వంటి వలస జిల్లాల సమితులైనా ఈ లెక్కను నోటీసు బోర్డు మీద రాసి పెట్టుకోవాలని నా మనవి. ఇంటికి తాళం ఉందంటే పారిపోయారని అర్థం చేసుకునే ముందు ఆ తాళం ఏ నెలలో పడింది, ఊళ్లో ఇంకెన్ని ఇళ్లకు తాళాలున్నాయి, మేస్త్రీ ఎవరు, ఏ బట్టీకి తీసుకెళ్లాడు అన్న నాలుగు ప్రశ్నలకు నివేదికలో జవాబు ఉండి తీరాలి. సర్పంచి, ఆశా కార్యకర్త, ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంటు, వీరిలో ఒక్కరినైనా అడిగితే చాలావరకు తెలిసిపోయే సంగతులివి.

కన్నవారు దొరికాక రెండో ప్రశ్న వస్తుంది. వాళ్లు చూసుకోగలరా? ఈ ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న వేయాలని, దాని జవాబును ఉత్తర్వులో రాయాలని మిమ్మల్ని కోరుతున్నాను. చూసుకోవడానికి వాళ్లకు మనం ఏం సాయం చేశాం? చట్టంలో స్పాన్సర్‌షిప్, అంటే బిడ్డను ఇంట్లోనే పెంచుకునేందుకు ఇచ్చే ఆర్థిక సాయం, ఉంది. కేంద్ర ప్రభుత్వ బాలల పరిరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద అర్హత గల బిడ్డకు నెలకు నాలుగు వేల రూపాయలు ఇవ్వవచ్చు. బిడ్డను కుటుంబానికి అప్పగించి, బాలల సంక్షేమ అధికారి లేదా నియమించిన సామాజిక కార్యకర్త పర్యవేక్షణలో ఉంచే వీలు 37వ సెక్షన్‌లో ఉంది. తండ్రి తాగుడు సమస్య అయితే డీ-అడిక్షన్ కేంద్రం ఉంది, తల్లి మీద దెబ్బలు పడుతుంటే సఖి కేంద్రం ఉంది, పెద్ద పిల్లలకు కస్తూర్బా విద్యాలయాలు, సంక్షేమ గురుకులాలు ఉన్నాయి. బిడ్డ బాలసదనంలో ఉంటే ప్రభుత్వం పెట్టే ఖర్చులో కొంత భాగం ఇంటికి చేరినా నిలబడే కుటుంబాలు ఉన్నాయని మీ అనుభవంలో మీకూ తెలిసే ఉంటుంది. ఏ సాయమూ అందించకుండా 'సామర్థ్యం లేదు' అని తేల్చడమంటే ప్రభుత్వం తన వైఫల్యాన్ని తల్లి ఖాతాలో రాయడమే. అందుకే ప్రతి ఉత్తర్వులో, ఏ తేదీన ఏ సాయం ప్రతిపాదించారు, కుటుంబం ఎలా స్పందించింది, ఆ తర్వాత పరిస్థితి ఏమైంది అన్నది వేరే పేరాగా ఉండాలి. ఆ పేరా రాయడానికి ఏమీ లేకపోతే, ఉత్తర్వు ఇవ్వాల్సిన సమయం ఇంకా రాలేదన్నమాట.

తల్లి మాట వినడమంటే ఆమెను గదిలోకి పిలిచి సంతకం తీసుకోవడం కాదని వేరే చెప్పనక్కర్లేదు. లంబాడీ తండా నుంచి వచ్చినామెకు, కోయ గూడెం నుంచి వచ్చినామెకు, ఒడిశా నుంచి మన బట్టీలకు వచ్చినామెకు మన ఆఫీసు తెలుగు పరాయి భాషే. ఆమె తల ఊపితే అంగీకారమని రాసుకున్న కాగితాలు నేను చూశాను. న్యాయసేవల అధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి మహిళకూ, ప్రతి బిడ్డకూ, ఎస్సీ, ఎస్టీ వర్గాల వారందరికీ ఉచిత న్యాయ సహాయం హక్కు. మీ ముందుకు వచ్చే తల్లి ఈ లెక్కన దాదాపు ఎప్పుడూ అర్హురాలే, బిడ్డ కూడా అర్హుడే. అయినా కన్నవారి సామర్థ్యం ప్రశ్నార్థకమైన కేసుల్లో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక లేఖ రాసి వకీలును పిలిపించడం ఇప్పటికీ ఆనవాయితీ కాలేదు. సమితి ముందు వకీళ్లు చేరితే అది కోర్టులా తయారవుతుందని, పిల్లలకు బెరుకు కలుగుతుందని కొందరు సభ్యులు అంటారు. ఆ భయం మామూలు విచారణల విషయంలో సబబే. శాశ్వతంగా తెంచే నిర్ణయం జరిగే ఆ ఒకటి రెండు రోజుల విషయంలో ఆ వాదన నిలవదు. వకీలు ఉంటే పని ఆలస్యమవుతుందేమో, కానీ వకీలు లేకుండా ఇచ్చిన ఉత్తర్వు హైకోర్టులో రివిజనులో కొట్టేస్తే అప్పటికి కొత్త ఇంటికి అలవాటు పడిన బిడ్డను మళ్లీ లాగాల్సి వస్తుంది. అప్పుడు ఎవరు గెలిచినా ఓడేది ఆ బిడ్డే.

ఈ విషయంలో అమెరికా అనుభవం మనకు పనికొస్తుంది, అనుకరించడానికి కొంత, జాగ్రత్త పడటానికి ఎక్కువ. అక్కడ తల్లిదండ్రుల హక్కులను రద్దు చేయడానికి వేరే న్యాయ ప్రక్రియే ఉంది. 1982లో సాంటోస్కీ కేసులో ఆ దేశపు సుప్రీంకోర్టు, మామూలు సివిల్ కేసులో సరిపోయే సాక్ష్యం దీనికి చాలదని, అంతకంటే స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం కావాలని తేల్చింది. అమెరికా ఆదివాసుల పిల్లల విషయంలో 1978 చట్టం ఇంకా పైకి వెళ్లి, క్రిమినల్ కేసుల్లోలాగా సందేహానికి తావులేని రుజువు కోరింది, కుటుంబాన్ని నిలబెట్టడానికి చురుకైన ప్రయత్నం జరిగిందని చూపమంది. ఆదివాసీ పిల్లలను తరతరాలుగా ఇళ్ల నుంచి ఎత్తుకుపోయిన చరిత్ర వల్లనే ఆ చట్టం వచ్చింది. మన తండాలకు, గూడేలకు ఆ ఆలోచన వర్తించదని ఎవరనగలరు? మరో వైపు 1997లో వచ్చిన సమాఖ్య చట్టం, బిడ్డ గడచిన ఇరవై రెండు నెలల్లో పదిహేను నెలలు ప్రభుత్వ సంరక్షణలో ఉంటే, కొన్ని మినహాయింపులు పోను, హక్కుల రద్దుకు రాష్ట్రాలు పిటిషను వేయాలని గడువు పెట్టింది. పిల్లలు ఏళ్ల తరబడి ఇల్లు లేకుండా తిరగకూడదన్న మంచి ఉద్దేశంతో పెట్టిన గడువు అది. జైల్లో ఉన్న తల్లులకు, చికిత్సలో ఉన్నవారికి, ఇల్లు దొరకని పేదలకు అది ఉరితాడయిందన్న విమర్శ అక్కడి న్యాయవాదులే చేస్తున్నారు. కన్నవారితో బంధం తెగి, దత్తత కుటుంబమూ దొరక్క, పద్దెనిమిదేళ్లకు ఒంటరిగా బయటికి వచ్చే పిల్లలు అక్కడ ఏటా ఉంటున్నారు. తెంచడం, ఇల్లు ఇవ్వడం రెండూ ఒకటి కాదు.

ఇక్కడ మన వాస్తవం కూడా చెప్పుకోవాలి. దత్తత కోసం పేరు నమోదు చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న దంపతుల్లో అత్యధికులు కోరేది పసిపాపను. ఆరేళ్లు దాటిన బిడ్డకు, అన్నదమ్ములతో కలిసి ఉన్న బిడ్డకు, వైకల్యం ఉన్న బిడ్డకు ఇక్కడ కుటుంబం దొరకడం కష్టం. అలాంటప్పుడు ఎనిమిదేళ్ల పిల్లను లీగల్లీ ఫ్రీ అని ప్రకటించే ముందు, ఆ ప్రకటన వల్ల ఆమెకు నిజంగా ఏం దక్కుతుందో ఆలోచించాలి. తల్లి మీద మమకారం ఉన్న వయసు అది. ఆమెను అడగాలి, ఆమె మాట రికార్డు చేయాలి. ఫోస్టర్ కేర్, అంటే దత్తత ఇవ్వకుండా బిడ్డను వేరే కుటుంబంలో ఉంచి పెంచడం, ఇలాంటి పిల్లలకు మేలైన దారి కావచ్చు. 2024 నమూనా మార్గదర్శకాలు ఒంటరి వ్యక్తులకు కూడా ఫోస్టర్ కేర్ అవకాశం ఇచ్చాయి, ఫోస్టర్ కుటుంబం ఆ బిడ్డను దత్తత తీసుకోవడానికి పట్టే కాలాన్ని అయిదేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించాయి. కన్నతల్లితో బంధం ఉంచుతూనే ఒక ఇంట్లో పెరిగే అవకాశం అది. మన జిల్లాల్లో దాన్ని ఇంకా గట్టిగా వాడుకోవడం లేదు.

ఇంతదాకా చదివి, ఈయన ఏ తల్లి నుంచీ ఏ తండ్రి నుంచీ బిడ్డను ఎప్పటికీ వేరు చేయనివ్వడని మీరు అనుకోవచ్చు. అది నా మాట కాదు. బిడ్డను కొట్టి చేయి విరిచిన తండ్రి దగ్గరికి, ఆ దెబ్బలు చూస్తూ అబద్ధం చెప్పిన ఇంటికి బిడ్డను పంపమని నేను అడగను. సాయం రెండుసార్లు, మూడుసార్లు అందించినా బిడ్డను ఆకలికి, బూతులకు, బెల్టు షాపు ముందు వీధికి వదిలే ఇల్లు ఉంటుంది. అలాంటి చోట ధైర్యంగా ఉత్తర్వు ఇవ్వాలి, త్వరగా ఇవ్వాలి. నా అనుభవంలో ఇక్కడ జరిగే అన్యాయం ఇంకో రకం: ఎవరూ నిర్ణయం తీసుకోరు. తల్లి దసరాకో, సంక్రాంతికో ఒకసారి వచ్చి బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి వెళ్తుంది. ఫైలు మీద 'కుటుంబం ఉంది' అని ఉంటుంది. ఏడాది గడుస్తుంది, మూడేళ్లు గడుస్తాయి. రెండేళ్ల వయసులో ఇల్లు దొరికే అవకాశం ఉన్న బిడ్డ ఏడేళ్ల వయసుకు ఎవరికీ అక్కరలేని బిడ్డ అవుతాడు. వదులుకోలేక, తీసుకుపోలేక మధ్యలో ఉన్న తల్లిని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, దాన్ని మర్యాదగా, ఆమెకు అర్థమయ్యే మాటల్లో, వకీలు పక్కన ఉండగా అడగాలి. మొదటి ఏడాదిలోనే అడగాలి. అందుకే ప్రతి ఫైలుకు ఒక శాశ్వత నిర్ణయం తేదీ ఉండాలని, ఆ తేదీ దాటితే కారణం రాసి మాత్రమే వాయిదా వేయాలని నేను కోరుతున్నాను.

సందర్శనల లెక్క గురించి మాత్రం జాగ్రత్త. ఏడాదిలో ఎన్నిసార్లు వచ్చిందన్న అంకెను చూసి తల్లి ప్రేమను తూచడం తేలిక. బాలసదనం జిల్లా కేంద్రంలో ఉంటుంది, ఆమె ఊరు అరవై కిలోమీటర్ల అవతల ఉంటుంది. పని మానుకుని వస్తే ఆ రోజు కూలీ పోతుంది, ఛార్జీలు పడతాయి, వచ్చాక 'ఈ రోజు చూడటానికి వీల్లేదు, అధికారి లేరు' అని తిప్పి పంపిన రోజులు కూడా ఉంటాయి. ఆ తిప్పి పంపిన రోజులు రిజిస్టరులో ఉండవు. కనీసం ఆదివారం సందర్శనకు అనుమతి, నెలకు రెండు వీడియో కాల్స్, దూరం నుంచి వచ్చేవారికి ఛార్జీలు, వచ్చి తిరిగి వెళ్లినవారి పేరు కూడా రాసే రిజిస్టరు, ఇవి ఏర్పాటు చేయకుండా 'సందర్శన లేదు' అన్న కారణం మీద నిర్ణయం తీసుకోవద్దు. నెలకు కనీసం రెండుసార్లు గృహాలను తనిఖీ చేసే బాధ్యత చట్టం మీకే ఇచ్చింది కనుక ఆ రిజిస్టరు పట్టుకుని చూడగలిగింది కూడా మీరే.

మానసిక అస్వస్థత, మేధో వైకల్యం ఉన్న తల్లిదండ్రుల గురించి ఒక మాట. 38వ సెక్షన్‌లోని మూడో ఉపసెక్షన్ మేధో వైకల్యం ఉన్న తల్లిదండ్రుల బిడ్డను దత్తతకు అర్హుడని ప్రకటించే వీలు కల్పిస్తుంది. దాన్ని చదివే తీరులో చాలా తేడా ఉంది. మనం 2007లో ధ్రువీకరించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందంలోని 23వ అధికరణం, తల్లిదండ్రుల వైకల్యం ఆధారంగా బిడ్డను వేరు చేయరాదని చెబుతుంది. వైకల్యం ఉందన్న సర్టిఫికెట్టు నిర్లక్ష్యానికి రుజువు కాదు. అమ్మమ్మ, మేనమామ, పొరుగు మనిషి తోడుతో బిడ్డను పెంచుకుంటున్న తల్లులు మన ఊళ్లలో లేరా? బిడ్డకు నిజంగా ఏం హాని జరిగింది, ఆ తోడును కొంచెం బలపరిస్తే ఆగుతుందా అన్నది చూడకుండా ఆ ఉపసెక్షన్‌ను ఆసరా చేసుకోవద్దు.

దత్తత గణాంకాలు పెరగాలన్న ఒత్తిడి మీ మీద ఇప్పుడు పెరుగుతోంది. 2023 నవంబరులో సుప్రీంకోర్టు, గృహాల్లో ఉన్న అనాథ, వదిలివేయబడిన, అప్పగించబడిన పిల్లలను రెండు నెలలకోసారి ప్రత్యేకంగా గుర్తించాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని పిల్లల విషయంలో అది అవసరమైన ఆదేశమే. దాన్ని అమలు చేసే తొందరలో అంకె పెంచడం కోసం ఎటూ తేలని స్థితిలో ఉన్న పిల్లలను ఒక వైపు తోసేయకూడదు. ఈ నేల మీద ఆ తొందర ఎక్కడికి దారితీసిందో మనం చూశాం. 1990ల చివర నుంచి 2001 దాకా నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు తండాల నుంచి ఆడశిశువులు చేతులు మారి దత్తత సంస్థలకు, అక్కడి నుంచి విదేశాలకు వెళ్లిన ఉదంతాలు బయటపడ్డాయి. వేలిముద్రలతో అప్పగింత పత్రాలు కూడా పక్కాగానే ఉన్నాయి. చివరికి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2001లో కన్నవారు బిడ్డను అప్పగించే పద్ధతినే నిషేధించాల్సి వచ్చింది. అప్పటికి ఇప్పటికి చట్టం మారింది, పద్ధతులు మెరుగయ్యాయి. బిడ్డ కోసం ఎదురుచూసే దంపతుల కన్నీళ్లు నిజమైనవే, వాళ్ల మీద నాకు సానుభూతి ఉంది. కానీ సమితి ముందు వాళ్లు కక్షిదారులు కారు.

మీరు ఇచ్చే ఉత్తర్వు చదివితే ఒక మూడో మనిషికి ఏం జరిగిందో అర్థం కావాలి. బిడ్డకు జరిగిన హాని ఏమిటి, దానికి సాక్ష్యం ఎవరు, కన్నవారు ఏమన్నారు, బిడ్డ ఏమన్నాడు, ఏ సాయం అందించారు, తోబుట్టువుల సంగతేమిటి, బంధువుల్లో ఎవరెవరిని అడిగారు, ఇతర మార్గాలు ఎందుకు సరిపోవు. ఇవి లేకుండా 'విచారణ నివేదికను పరిశీలించి, బిడ్డ శ్రేయస్సు దృష్ట్యా' అని నాలుగు వరుసల్లో ముగిసే ఉత్తర్వులను ఇకపై ఇవ్వవద్దు. విభేదించిన సభ్యుడు ఉంటే ఆ విభేదం కూడా రాయాలి. ముగ్గురు సంతకం చేయాలన్న నియమం పెట్టింది ముగ్గురూ వేర్వేరుగా ఆలోచిస్తారన్న ఆశతోనే కదా.

చివరగా అప్పీలు. మీ ఉత్తర్వు మీద ముప్పై రోజుల్లో బాలల న్యాయస్థానానికి వెళ్లే హక్కు 101వ సెక్షన్ ఇచ్చింది. ఆ హక్కు తెలిసిన తల్లిని నేను ఇంతవరకు కలవలేదు. ఉత్తర్వు నకలు ఆమెకు ఉచితంగా ఇవ్వండి, ఆమె భాషలో చదివి వినిపించండి, అప్పీలుకు ఆఖరి తేదీ ఏదో, న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఎక్కడో ఆ కాగితం మీదే పెద్ద అక్షరాలతో రాయించండి. ఆ ముప్పై రోజులు పూర్తయ్యేదాకా, అప్పీలు వేస్తే అది తేలేదాకా, బిడ్డ వివరాలను దత్తత పోర్టల్‌లోకి పంపవద్దని జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి లిఖితపూర్వకంగా చెప్పండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. మీ తదుపరి సమావేశంలో ఒక తీర్మానం చేస్తే ఆ రోజు నుంచే అమలవుతుంది. ఆ తీర్మానం ప్రతిని మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి పంపితే, ప్యానెల్ న్యాయవాదులం మేము మా వంతు పనికి సిద్ధంగా ఉన్నాం.

భవదీయుడు,
ఉచిత న్యాయ సహాయ ప్యానెల్‌లోని ఒక న్యాయవాది